నా ఎడమ చెయ్యి, మా అమ్మాయి మంగు

లేజరు గురించి మా భీమవరం చుట్టుపక్కల నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నేను చదివింది ఊళ్లో బడిలో పదో తరగతి దాకానే. అయినా మా అమ్మాయి నాగశ్రీ మొహాన్ని కాపాడింది ఏ డాక్టరూ కాదు, ఈ వెంకటపతిరాజు ఎడమ చెయ్యి. కన్నకూతురి కోసం తెలిసి తెలిసి ఆ మిషను కింద చెయ్యి పెట్టి కాల్పించుకున్నాను. ఈ సంగతి మా సెంటర్లో టీ కొట్టు దగ్గర చెప్తుంటే జనం నిలబడి మరీ వింటారు. అక్కడ కుర్చీలు లేవు కాబట్టి నిలబడతారని మా ఆవిడ సూర్యకాంతమ్మ అంటుంది. ఆవిడ మాట పట్టించుకోకండి.

నాగశ్రీది నా రంగు. మా ఆవిడ పచ్చగా ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మేమిద్దరం స్టూడియోకి వెళ్తే ఫొటోగ్రాఫరు ఆవిడ వైపు ఒక లైటూ, నా వైపు మూడు లైట్లూ పెట్టాడు. మూడో లైటు పక్క ఊరి నుంచి తెప్పించాడు. నాగశ్రీ పుట్టినప్పుడు నర్సు బయటికి వచ్చి, ఎవరి పిల్లో అడగకుండా తిన్నగా నా చేతిలో పెట్టింది.

ఆ పిల్లకి ఇప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబు నడుపుతోంది. ల్యాబు మా ఇంటి కింద వాటాలోనే, వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతల. పొద్దున్నే రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. మధ్యాహ్నం తనే స్కూటీ మీద చెరువులకి పోతుంది. పదేళ్లుగా అదే పని. చెరువు గట్టు మీద ఎండ ఒక వైపు నుంచి కొట్టదు. పైనుంచి సూర్యుడు కొడతాడు, కింద నుంచి నీళ్లు కొడతాయి. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద పల్చగా మొదలైన మంగు, ఈ రెండు ఎండల మధ్యా ముక్కు మీదకీ పై పెదవి మీదకీ పాకింది. నల్లటి మొహం మీద నల్ల మచ్చ ఏం కనపడుతుందిలే అనుకుంటారు తెలియనివాళ్లు. కనపడుతుంది. బూడిద కలిసిన నలుపు అది.

చెరువులో ఏ మందు పోయాలన్నా ముందు టెస్టు చేయించమని ఊరందరికీ పాఠం చెప్పే మనిషి, మందుల షాపు కౌంటర్లో ఇచ్చిన ట్యూబు ఏ టెస్టూ లేకుండా మొహానికి పూసుకుంది. నెల్లాళ్లు మచ్చలు వెలిసిపోయాయి. ట్యూబు ఆపగానే రెట్టింపై తిరిగొచ్చాయి. మళ్లీ పూస్తే మొహమంతా ఎర్రగా మంట.

"ఎకరానికి ఎంత పోశావమ్మా?" అని అడిగాను. నవ్వలేదు.

ఏప్రిల్లో ఒక రోజు మా చెరువుల కాపలా చూసే చిట్టియ్య ఒక్క సీసా పట్టుకుని ల్యాబుకి వచ్చాడు. నేను అక్కడే పేపరు చదువుతున్నాను.

"ఇది ఏ చెరువుది చిట్టియ్యా?" అంది నాగశ్రీ.

"మూడింటికీ అదేనండి. ఒకే కాలవ నీళ్లు కదండి."

"కాలవ ఒకటేగాని, ఏ చెరువు బురద దానిదే, ఏ చెరువు మేత దానిదే. ఇంకో రెండు సీసాలు పట్టుకురా."

"ఆయ్, అలాగేనండి" అని మెట్టు దాకా వెళ్లి ఆగాడు. "అమ్మగారండి, ఏమీ అనుకోకండి. ఒంట్లో బాగుంటంలేదాండి? మొహం అలా మాడిపోయిందేంటండి?"

వాడు మంచికే అడిగాడు. నాగశ్రీ మెడ చుట్టూ వేలాడుతున్న స్కార్ఫు కళ్ల దాకా లాక్కుంది. అంతే, ఆ స్కార్ఫు ఇక దిగలేదు. స్కూటీ మీదే కాదు, ల్యాబులో, మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నా అదే. కళ్లు మాత్రం బయట. అల్లుడు ప్రవీణ్ "నువ్వు బాగానే ఉన్నావు" అనేవాడు. అసలు తనవైపు చూడటమే మానేశాడని దానికి ఇంకా కోపం.

ఆ రోజుల్లోనే పేపరు మడతలోంచి ఒక రంగుల కాగితం జారిపడింది. టౌనులో కొత్తగా పెట్టిన చర్మ సౌందర్యం క్లినిక్కు వాళ్లది. లేజరుతో మచ్చలు మాయం, ఆరు సిట్టింగులకి శుక్రవారంలోగా పేరు రాయించుకున్నవారికి తగ్గింపు. నాగశ్రీ నిశ్చయం చేసేసుకుంది.

"దీంతో కూడా పోకపోతే ఇంట్లో అద్దాలన్నీ తీసి మీ అటక మీద పెట్టేస్తాను నాన్నగారూ" అంది. నవ్వుతూ అందో లేదో నాకు తెలియదు. కళ్లే కదా కనపడేది.

సోమవారం నన్ను తోడు తీసుకెళ్లింది. హారతి అనే అమ్మాయి మమ్మల్ని చల్లటి గదిలో కూర్చోబెట్టి ట్యాబులో ఫొటోలు చూపించింది. అన్నిట్లోనూ ముందు నల్లటి మనిషి, తర్వాత తెల్లటి మనిషి. ముక్కులు కూడా మారినట్టు నాకు అనిపించింది.

"సిక్స్ సిట్టింగ్స్‌లో టూ షేడ్స్ తగ్గుతారు మేడం."

"నాకు షేడ్స్ తగ్గక్కర్లేదండి. మచ్చలు పోతే చాలు" అంది నాగశ్రీ. "ఏ లేజరండి ఇది?"

"లేటెస్ట్ మేడం."

"అది మీ కంపెనీవాళ్లు చెప్పే మాట. నాలాంటి ఒంటికి పనికొస్తుందా అని అడుగుతున్నాను."

"ఎవరికైనా ఇదే మేడం. హీరోయిన్లకి కూడా ఇదే."

"డాక్టరుగారు చేస్తారా?"

"సార్ నెలకోసారి వస్తారు మేడం. మిషను మా స్టాఫే చూసుకుంటారు." హారతి నా వైపు తిరిగింది. "అంకుల్‌కి కూడా చేయిద్దాం. ఈ ఆఫర్లో తోడు వచ్చినవాళ్లకి ఒక సిట్టింగ్ ఫ్రీ. పదేళ్లు తగ్గిపోతారు అంకుల్."

"వద్దమ్మా. పదేళ్లు తగ్గితే మా ఆవిడ ఎవరో అనుకుని గుమ్మంలోనే ఆపేస్తుంది."

శుక్రవారం వచ్చి పేరు రాయించుకుంటానని చెప్పి నాగశ్రీ లేచింది. ఆ అమ్మాయి జవాబులు దానికి నచ్చలేదని నాకు తెలుస్తూనే ఉంది. కాని నచ్చకపోయినా వెళ్తుందని కూడా తెలుస్తోంది. ఆ స్కార్ఫు కింద అంత విసిగిపోయి ఉంది.

ఇక్కడ ఒక చిన్న సవరణ చేయాలి. కూతురి కోసం చెయ్యి కాల్పించుకున్నానని మొదట్లో చెప్పాను కదా, అది ఉత్తదే. ఆ వచ్చే ఆదివారం పాలకొల్లులో మా పదో తరగతి వాళ్లందరం యాభై ఐదేళ్ల తర్వాత కలుసుకుంటున్నాం. అప్పట్లో నా పక్క బెంచీలో కూర్చున్న గోపాలకృష్ణమూర్తి వాట్సాప్ గ్రూపులో తన ఫొటో పెట్టాడు. మొహం మీద ఒక్క మచ్చ లేదు. నాకేమో కణతల మీద, బుగ్గల మీద, వయసుతో వచ్చిన నల్ల మచ్చలు వంకాయ బజ్జీ మీద గింజల్లా ఉన్నాయి. ఫ్రీ సిట్టింగు ఉండనే ఉంది. మంగళవారం ఎవరికీ చెప్పకుండా వెళ్లాను.

ఇంకో సవరణ కూడా ఇప్పుడే చేసేస్తాను. వెళ్లింది మొహానికి. చల్లటి జిగురు పూసి, కళ్లకి నల్లద్దాలు పెట్టి, స్టాఫు అమ్మాయి మిషను ఆన్ చేయగానే ఆ చప్పుడుకి లేచి కూర్చున్నాను. "ముందు చేతి మీద చూపించమ్మా" అన్నాను. టప్పున రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు, దాని మీద కాగిన నూనె చుక్క పడినట్టు అనిపించింది. ఆ మెరుపుకి ఉండి ఊరి దాకా చెరువుల్లో రొయ్యలన్నీ ఒక్కసారి గట్టు ఎత్తు ఎగిరాయి. ఎనిమిది సార్లు వేసింది. తొమ్మిదోది వేసేలోపు, బస్సు టైమయిందని చెప్పి లేచి వచ్చేశాను. నాకు బస్సు ఎక్కే పనే లేదు, మా ఇల్లు అక్కడికి నడిచిపోయేంత దూరం. మొహం సంగతి మళ్లీ ఎత్తలేదు.

బుధవారం చెయ్యి ఎర్రబడింది. గురువారం పొద్దున్నకి నల్లబడింది. ఎనిమిది గళ్లు, వరసకి నాలుగు చొప్పున రెండు వరసలు, అంచులు స్కేలు పెట్టి గీసినట్టు. ఉప్పాడ చీర మీద బుటాలు కూడా అంత తిన్నగా ఉండవు.

మధ్యాహ్నం ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని భోజనానికి కూర్చున్నాను.

"మే నెలలో ఈ చొక్కా ఏంటండి?" అంది సూర్యకాంతమ్మ.

"కొంచెం చలిగా ఉంది."

"ఎక్కడ, బుర్రలోనా?"

నేను పప్పుచారు గిన్నె అందుకోబోయాను. ఆవిడ నా చొక్కా చెయ్యి పైకి లాగి చూసింది. కాసేపు ఆవిడకి మాట రాలేదు. నలభై ఏళ్లలో అది రెండోసారి.

"ఎవరైనా ఇస్త్రీ పెట్టెతో కొట్టారా?" అని, నా జవాబు కోసం ఆగకుండా మెట్ల దగ్గరికి వెళ్లి నాగశ్రీని కేకేసింది.

నాగశ్రీ పైకి వచ్చి నా చెయ్యి చూసింది. జబ్బుపడ్డ రొయ్యని ఎలా చూస్తుందో అలాగే చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో అటూ ఇటూ తిప్పింది. పక్కన స్కేలు పెట్టి ఫోనులో ఫొటో తీసింది. స్కార్ఫు మెడ మీదకి జారిపోయినా చూసుకోలేదు.

"ఆ క్లినిక్కులోనా?"

నా త్యాగం కథ పుట్టింది అప్పుడే. "నీ కోసమేనమ్మా. రేపు నువ్వు వెళ్లి పేరు రాయించుకుంటావు కదా. నీదీ నాదీ ఒకే రంగు. ముందు నా మీద చూద్దామని."

"ఒకే కాలవ నీళ్లని."

"అదే మరి."

"పక్క చెరువు సీసా తెచ్చి నా చెరువుకి రిపోర్టు రాయమంటే ఎలా నాన్నగారూ? మీకు డెబ్బై ఒకటి. మీరు ఆ ట్యూబు పూయలేదు. ఇద్దరు పిల్లల్ని కనలేదు. ఇది చెయ్యి, నాది మొహం."

"అయితే నీకు బాగానే పనిచేస్తుందంటావా?"

"మీ చెయ్యి నా మొహం గురించి ఏమీ చెప్పదు. వాళ్ల గురించి చెప్తుంది. ముందు ఒక చిన్న చుక్క వేసి, కొన్నాళ్లు ఆగి చూద్దామన్నారా?"

"లేదు."

"ఎండలో తిరుగుతారా, ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగారా?"

"పదేళ్లు తగ్గుతానన్నారు."

"తగ్గినా అరవై ఒకటి" అంది మా ఆవిడ. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు చూసింది. "ఏవండి, మీ పాలకొల్లు మీటింగు ఈ ఆదివారమే కదూ?"

నా త్యాగం అక్కడితో అయిపోయింది. తల్లీ కూతురూ కలిసి నవ్వడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. కాని నాగశ్రీ ముందే ఆగిపోయింది. నా చేతి మీద గళ్లు ఒక్కొక్కటే వేలితో తాకింది.

"రేపు ఇవి నా మొహం మీద ఉండేవి" అంది.

పప్పుచారు చల్లారిపోయింది. ఎవరూ వేడి చేయలేదు.

సాయంత్రం తను ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేసింది. చర్మం డాక్టరు ఎవరు, ఏ మిషను, నల్లటివాళ్లకి ఎంతమందికి చేశారు, ఎవరికైనా పాడయిందా అని అడిగింది. శుక్రవారం ఇద్దరం క్లినిక్కుకి కాకుండా రాజమండ్రి వెళ్లాం, డాక్టర్ కౌముదిగారి దగ్గరికి. ఆవిడకి నాగశ్రీ వయసే ఉంటుంది. మాట తక్కువ.

ముందు స్కార్ఫు తీయించి, ఒక దీపం పెట్టి చాలాసేపు చూశారు. ఏం పూశారని అడిగారు. నాగశ్రీ సంచిలోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. దీని పని తేలకుండా నేను ఏ లేజరూ ముట్టుకోను" అన్నారు. "ఒకసారి మొదలుపెడితే ఆపినప్పుడు మొహం ఎదురు తిరుగుతుంది. మొదటి నెల ఇప్పటికంటే ఘోరంగా ఉంటుంది. తట్టుకోవాలి."

"అసలు మా రంగువాళ్లకి లేజరు పనికిరాదాండి?"

"పనికొస్తుంది. అన్నీ పనికిరావు. ఆ వెలుగుకి తెలిసింది ఒక్కటే, నల్లరంగు దొరికిన చోట వేడెక్కించడం. మచ్చ నలుపేదో, మీ ఒంటి నలుపేదో దానికి తెలియదు. తెల్లటివాళ్లకి మచ్చ ఒక్కటే దొరుకుతుంది. మనకి చర్మమంతా దొరుకుతుంది. అందుకే పై పొరని వదిలేసి లోపలికి దిగే రకం ఎంచుకోవాలి, శక్తి తగ్గించుకోవాలి, రెండు సిట్టింగుల మధ్య ఎక్కువ రోజులు ఆగాలి. అదీ మంగుకి ఆఖర్న చేసేది, మొదట చేసేది కాదు."

నేను చొక్కా చెయ్యి పైకి మడిచి నా ఎనిమిది గళ్లూ చూపించాను. "ఇది ఏ రకం లేజరండి?"

డాక్టరుగారు వంగి చూశారు. "ఇది లేజరు కాదండి. ఫ్లాషు లైటు లాంటిది. అన్ని కాంతులూ కలిసి ఉంటాయి. మీ రంగు మీద అసలు వేయకూడనిది."

చెయ్యి కాలినప్పటికంటే ఆ మాటకే నాకు ఎక్కువ నొప్పి పుట్టింది. లేజరు గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని మొదటి వాక్యంలోనే రాసుకున్నాను. తీరా చూస్తే నా చేతికి లేజరు తగలనే లేదు.

"తగ్గుతుందాండి?"

"ఆరేడు నెలలు పట్టొచ్చు. ఎండ తగలనివ్వకండి. ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి."

తర్వాత నాగశ్రీ వైపు తిరిగి, "మీకు ఏం కావాలి? తెల్లబడాలనా?" అని అడిగారు.

"వద్దండి" అంది నాగశ్రీ. "నా నలుపు నాకు వచ్చేస్తే చాలు. మొహమంతా ఒకేలా."

ఆ మాట డాక్టరుగారు కాగితం మీద రాసుకున్నారు. నా దగ్గర ఒక ఛలోక్తి సిద్ధంగా ఉంది గాని, అనలేదు.

ఆవిడ చెప్పినట్టే అయింది. ట్యూబు ఆపిన పదో రోజుకి నాగశ్రీ మొహం ఎర్రగా పొంగింది, మచ్చలు ఇంకా ముదిరాయి. ఒక మధ్యాహ్నం నేను ల్యాబులోకి వెళ్లేసరికి ఫ్రిజ్ వెనక స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో పాత మందుదే కొత్త ట్యూబు, మూత తీయలేదు.

"ఒక్కసారి పూస్తే రేపటికి మంట తగ్గిపోతుంది నాన్నగారూ."

"తగ్గుతుంది" అన్నాను. నేను కూడా ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక చొక్కా చెయ్యి పైకి మడిచాను. తను నా గళ్లు చూసింది. తర్వాత ట్యూబు నా జేబులో పెట్టి, సీసాల పనిలో పడింది. ఆ ట్యూబు నేను ఎక్కడ పారేశానో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి తెలిస్తే పైసలు దండగ అంటుంది.

చెరువుల తిరుగుడు పొద్దున్న ఆరు గంటలకి మార్చుకుంది. చిట్టియ్య గొడుగంత వెడల్పు తాటాకు టోపీ కుట్టించి తెచ్చాడు. "ఆ రోజు నోరు జారానండి" అని నాగశ్రీ చేతికిచ్చి పారిపోయాడు. ఎండకి రాసుకునే క్రీము మూడు గంటలకోసారి రాసుకోవాలి. ఫోనులో అలారం పెట్టుకుంది. అది మోగగానే ల్యాబులో కూర్చున్న రైతులు "అమ్మగారండి, మీ మేత టైమయిందండి" అనేవాళ్లు. మొదట్లో చిరాకుపడేది. తర్వాత తనే, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో దింపే పళ్లెం పేరు చెప్పి, "చెక్ ట్రే ఖాళీ అయింది" అనడం మొదలుపెట్టింది.

ఎరుపు తగ్గడానికి రెండు నెలలు, క్రీములతో మంగు పల్చబడటానికి ఇంకో మూడు నెలలు. అప్పుడు డాక్టరుగారు చెవి ముందు శనగగింజంత చోట లేజరు వేసి, ఆరు వారాలు ఆగమన్నారు.

"ఆరు వారాల్లో రొయ్య సగం పెరుగుతుందండి" అన్నాను.

"పెరగనివ్వండి నాన్నగారూ" అంది నాగశ్రీ.

ఆ ఆరు వారాలూ నేను రోజూ ల్యాబులో భూతద్దం పట్టుకుని దాని చెవి దగ్గర కాపలా ఉన్నాను. నల్లబడలేదు. అప్పుడు మొహానికి మొదలుపెట్టారు. నెలకోసారి, మెత్తగా, నాలుగు సిట్టింగులు. పెద్దగా నొప్పి కూడా లేదంది. రొయ్యలు ఎగిరినట్టు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు స్కార్ఫు స్కూటీ డిక్కీలో చమురు తుడవడానికి ఉంది. నాగశ్రీ మొహం నా రంగు, దాని రంగు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒకేలా. ఒక్క మచ్చ లేదు.

ఇదంతా రాసి ల్యాబులో దానికి చదివి వినిపించాను. చివరి వాక్యం దగ్గర ఆపింది. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే రిపోర్టు బయటికి పోనివ్వనంది. అందుకని ఒప్పుకుంటున్నాను. నా మిగతా కోతలు మీరు ఎలాగూ నమ్మి ఉండరు, వాటిని అలాగే ఉండనివ్వండి. మీరు నమ్మిందే నేను కల్పించాను. ఎడమ బుగ్గ మీద, కంటి కింద, చింతాకంత మంగు ఇంకా ఉంది. ఎండాకాలంలో కొంచెం ముదురుతుంది, వానలు పడితే తగ్గుతుంది. దాని కోసం పట్టుబడితే అక్కడ తెల్ల మచ్చ పడే ప్రమాదం ఉంది, చేయమంటే చూస్తాను, మీ ఇష్టం అన్నారు డాక్టరుగారు. నాగశ్రీ అద్దంలో ఒకసారి చూసుకుని, ఇంత చాలండి అని చెప్పి వచ్చేసింది.